గంట చెప్పినట్టు

మన భాషలో మోగేదీ గంటే, అరవై నిమిషాల కాలమూ గంటే. అమెరికాలో ఈ రెండూ ఒకటైపోయిన ఊరు మసాచుసెట్స్‌లోని లోవెల్.

కథ ఇంకాస్త ముందే మొదలైంది. నూలు యంత్రాల పని తెలిసినవాళ్లు దేశం దాటకూడదని ఇంగ్లండులో చట్టం ఉండేది. 1789లో శామ్యూల్ స్లేటర్ ఆ గుట్టంతా బుర్రలో పెట్టుకుని ఓడెక్కేశాడు. మరుసటి ఏడాదే రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో ఏటి నీటి బలంతో కదుళ్లు తిరిగాయి. వాటి దగ్గర నిలబడింది 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు.

లోవెల్ మిల్లు 1823లో నడక మొదలెట్టింది. పనికి వచ్చింది రైతుల ఆడపిల్లలు. పొద్దు చూసి పాలు పితికినవాళ్లు ఇప్పుడు గంట విని లేవాలి, గంట విని తినాలి. రాత్రి 10 కొడితే కంపెనీ వసతిగృహం తలుపులు మూసేస్తారు. రోజుకు 12, 13 గంటల పని. గడియారాన్ని కూడా నెమ్మదిగా నడిపిస్తున్నారని వాళ్లు గోల పెట్టారు. అయినా చేతిలో సొంత డబ్బు, సాయంత్రం ఉపన్యాసాలు, తమ రాతలతో ఒక పత్రిక... పల్లెలో ఉంటే దక్కేవా? మిల్లును తిట్టి ఊరుకోవడం నాకు న్యాయమనిపించదు. 1834లో కూలి కోస్తామంటే, 1836లో వసతి ఖర్చు పెంచితే, మగ్గాలు ఆపి వీధిలోకొచ్చిందీ ఆ అమ్మాయిలే. 1845లో మిల్లు కార్మికురాలు సారా బాగ్లీ పది గంటల పనిదినం కోసం సంతకాలు పోగుచేస్తే, అది తన పని కాదంది శాసనసభ. ఆ రాష్ట్రంలో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆ చట్టం 1874కి గానీ రాలేదు.

ఇంతకీ ఆ మిల్లులకు పత్తి ఎక్కడిది? దక్షిణాది బానిసలు ఏరినది. లోవెల్‌లో నేసిన ముతక బట్ట తిరిగి వాళ్ల ఒంటిమీదికే చేరేది.

రైళ్లొచ్చాక గంట దేశమంతా పాకింది. అప్పటిదాకా ఏ ఊరి మిట్టమధ్యాహ్నం ఆ ఊరిదే. 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలు తమంతట తామే దేశాన్ని కాలమండలాలుగా పంచేశాయి. ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది 1918లో. ఎవరి వెనక ఎవరు నడిచారో వేరే చెప్పాలా?

1886 మే 1న ఎనిమిది గంటల పని కోసం లక్షలమంది సమ్మెకట్టారు. 4న షికాగో హేమార్కెట్‌లో బాంబు పేలింది. ఆ కేసులో మరుసటి ఏడాది నలుగురిని ఉరితీశారు. మన ఊళ్లలో మేడేకు ఎగిరే ఎర్రజెండా మూలం అక్కడుంది.

వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల కూలి ఇవ్వాలన్న నియమం, 1938 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం 1940లో అమల్లోకొచ్చింది. పొలం కూలీలనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ ఆ చట్టం వదిలేసింది. దక్షిణాదిలో ఆ పనులు చేసేవాళ్లలో పెద్ద భాగం నాడు పత్తి ఏరిన బానిసల మనవలూ మనవరాళ్లే.