పదిహేను వేలా? అయిదు వేలా? మూడు వేలా?

పోయిన సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా ఊరికి కారేసుకుని వెళ్ళాను. మావాళ్ళ భాషలో చెప్పాలంటే "కుర్రోళ్ళ కారు". టర్బో పెట్రోలు, డైరెక్ట్ ఇంజెక్షను. సెకండ్ హ్యాండుదే గానీ, తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. రావులపాలెం దాటాక డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. బానెట్ కింద ఈల వేసినట్టు ఒక శబ్దం, పికప్ సగానికి సగం పోయింది. ఎలాగో తాటిపాక సెంటర్ దాకా ఈడ్చుకొచ్చి మెకానిక్ షెడ్డు ముందు ఆపాను.

ఆయన ఆయిల్ మూత తిప్పి, లోపల వేలు పెట్టి తీసి చూపించాడు. "ఇది ఇంజనాయిలాండి బాబూ, తాటి తాండ్రాండి?"

నాకు ఒళ్ళు మండింది. సర్వీసు పుస్తకంలో అన్ని ముద్రలూ ఉన్నాయి మరి! పదిహేను వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నాకన్నా ముందు నడిపినాయనా తప్పలేదు, నేనూ తప్పలేదు. అరవై రెండు వేలకే టర్బో బేరింగ్ అరిగిపోయింది. లక్ష పైనే బిల్లు. మెకానిక్కేమో "టర్బో బళ్ళకి అయిదు వేలకే మార్చాలండి" అంటాడు. ముప్ఫయ్యేళ్ళు అంబాసిడర్ టాక్సీ తోలిన మా పెదనాన్న "అయిదేంట్రా, మూడు వేలు" అంటారు. ఒక్క ఇంజను, మూడు అంకెలు. ఏ అంకె ఎక్కడినుంచి ఊడిపడిందో తేల్చకపోతే నిద్రపట్టేలా లేదు. ఆ తవ్వకమే ఈ టపా.

ముందు మన ఆముదం దగ్గర మొదలెట్టాలి. బండి ఇరుసుకి పెట్టే కందెన మనకి కొత్త కాదు. లండన్లో 1899లో వేక్‌ఫీల్డ్ అనే ఆయన నూనెల కంపెనీ పెట్టి, 1909 ప్రాంతంలో ఆముదం కలిపిన ఇంజనాయిలు ఒకటి అమ్మడం మొదలెట్టాడు. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ అంటారు కదా, అందుకని దాని పేరు క్యాస్ట్రోల్. అంటే మనం మెరుపు కార్లకి గొప్పగా పోయించుకునే డబ్బా మీద ఉన్నది నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పండే పంట పేరన్నమాట :) ఆ రోజుల్లో రేసుకార్లకి ఆముదమే దిక్కు. ఎంత వేడెక్కినా, ఎంత ఒత్తిడి పడినా పొర తెగదు. కానీ ఒక జబ్బుంది. గాలి తగిలి వేడెక్కితే బంకలా గడ్డకడుతుంది. అందుకే రేసు అయ్యాక వంచెయ్యడమే. మొదటి ప్రపంచయుద్ధంలో రోటరీ ఇంజను విమానాలదీ ఆముదమే. వాటిల్లో అయితే నూనె తిరిగి సంప్‌లోకి రాదు, కాలి, బయటికి చిమ్మేస్తుంది. ఇక "ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి" అన్న ప్రశ్నే లేదు!

మామూలు జనం కార్ల సంగతి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఆయిల్ ఫిల్టరు లేదు, ఆయిల్ పంపు కూడా లేదు. నూనె చిమ్ముకుంటూ తిరగడమే. 750 మైళ్ళకోసారి, అంటే పన్నెండు వందల కిలోమీటర్లకి, మురికి నూనె వంచెయ్యమని ఫోర్డ్ పుస్తకంలో ఉండేది. 1923లో ప్యూరోలేటర్ ఫిల్టరొచ్చింది. 1930లలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజన్లలో పిస్టన్ రింగులు మసికి బిగుసుకుపోతుంటే డిటర్జెంటు కలిపిన నూనెలు పుట్టాయి. మసిని గోడలకి అంటనివ్వకుండా నూనెలోనే తేలేట్టు పట్టుకోవడం వాటి పని. అందుకే మంచి నూనె తొందరగా నల్లబడుతుంది. చాలామంది దాన్ని చూసి "నల్లబడింది, చెడిపోయింది" అనేస్తారు. 1950లకి మల్టీగ్రేడ్ నూనెలూ వచ్చి, మూడువేల మైళ్ళ లెక్క జనం నోళ్ళలో స్థిరపడింది.

మూడువేల మైళ్ళంటే 4,828 కిలోమీటర్లు. మన దేశం మైళ్ళొదిలి కిలోమీటర్లకి మారిందిగా. ఒక మెకానిక్కు దాన్ని అయిదు వేలు చేశాడు, ఇంకొకాయన మైలు తీసేసి మూడువేలు అలాగే ఉంచేశాడు. ఇది నా ఊహే, రుజువు అడక్కండి. పెదనాన్న అంకెకి మాత్రం ఇంతకంటే మంచి కారణం దొరకలేదు నాకు.

అలాగని ఆయన్ని తీసిపారెయ్యడానికీ లేదు. ఆ రోజుల్లో మన డీజిల్లో గంధకం పదివేల పీపీఎం దాకా, అంటే ఒక శాతం దాకా ఉండేది. గంధకం కాలి, నీటి ఆవిరితో కలిస్తే గంధకామ్లం. అది పిస్టన్ పక్కనుంచి జారి నూనెలో పడుతుంది. నూనెలో క్షారం కలిపేది దాన్ని విరవడానికే. క్షారం అయిపోయిందా, ఆమ్లం బేరింగుల్ని తినడం మొదలెడుతుంది. పెట్రోల్లోనేమో సీసం. దేశమంతటా సీసం పోయింది 2000 ఫిబ్రవరిలో. అలాంటి ఇంధనానికి మూడు వేలే న్యాయం.

తమాషా ఏంటంటే 2010 ఏప్రిల్లో బీఎస్-4 ఇంధనం ఇచ్చిన పదమూడు నగరాల్లో హైదరాబాదు ఉంది, కోనసీమ లేదు. అక్కడ డీజిల్లో 50 పీపీఎం, ఇక్కడ బీఎస్-3, 350. అదే కారు, అదే నూనె, ఊరు మారితే ఆమ్లం ఏడింతలు. మా తాటిపాకలో ఓఎన్‌జీసీ రిఫైనరీ ఉందన్న సంగతి చాలామందికి తెలీదు. 2001లో మొదలైంది, ఏడాదికి 66 వేల టన్నులు, దేశంలోకెల్లా చిన్నది. కాళ్ళకింద చమురున్న ఊరివాడిని, తాండ్ర గట్టిన ఇంజనుతో దాని పక్కనుంచే వెళ్ళాను. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6, 10 పీపీఎం. కాబట్టి గంధకం సాకు ఇప్పుడు లేదు.

మరి నా ఇంజనులో తాండ్ర ఎక్కడిది?

ఇలాంటిది పెద్ద కంపెనీలకే తప్పలేదు. 1997-2002 మధ్య చేసిన కొన్ని టొయోటా ఇంజన్లలో నూనె జిడ్డుగా గడ్డకడితే, కంపెనీ 2002లో 33 లక్షల బళ్ళకి మరమ్మతు హామీ ఇవ్వాల్సొచ్చింది. నా విషయంలో మాత్రం జవాబు చెప్పింది పెదనాన్నే. అరుగు మీద కూర్చుని, "ఒరేయ్, ట్రాక్టరుకి కిలోమీటర్లు ఎవడన్నా లెక్కెడతాడా? గంటలు లెక్కెట్టు" అన్నారు.

వెంటనే కార్లోకెళ్ళి ట్రిప్ కంప్యూటర్ చూశాను. సగటు వేగం గంటకి 19 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ లెక్కన పదిహేను వేల కిలోమీటర్లంటే 790 గంటలు. హైవే మీద అరవైలో పోయేవాడికి అవే పదిహేను వేలు 250 గంటలు. చాలా ట్రాక్టర్ల పుస్తకాల్లో ఆయిల్ మార్చమనేదీ 250 గంటలకే! నేను నూనెని మూడింతలు పైగా వాడి, పుస్తకం ప్రకారం పద్ధతైన కుర్రాణ్ణి అనిపించుకున్నాను.

పైగా టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దాని ఒక కొస ఎర్రగా కాలిన పొగలో ఉంటుంది. ఇంజను ఠక్కున ఆపితే అక్కడ ఆగిన నూనె మాడి బొగ్గవుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్లో కొంత పెట్రోలు గోడలు జారి నూనెలో కలుస్తుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణాల్లో అది ఆవిరయ్యేంత వేడి రాదు. ఇదంతా కంపెనీ వాళ్ళకి తెలుసు. పుస్తకం వెనక పేజీల్లో "కఠిన పరిస్థితుల్లో సగానికే మార్చాలి" అని ఉంది. ట్రాఫిక్కు, దుమ్ము, ఎండ, చిన్న ప్రయాణాలు... హైదరాబాదుకి నిర్వచనం రాసినట్టుంది. టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవకుండా ఓకే కొట్టే జాతి మనది.

జనరల్ మోటార్స్ 1980ల చివర్లోనే దీనికో పరిష్కారం తెచ్చింది. నూనెని ముట్టుకునే సెన్సరేమీ లేకుండా, ఇంజను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, వేడిని బట్టి, చలిని బట్టి జరిమానా వేసే ప్రోగ్రాము. పెదనాన్న అరుగు మీద చెప్పినదాన్నే కోడుగా రాశారన్నమాట. నా కార్లో అది లేదు. అందుకని ఫోన్లో ఒక చిన్న స్ప్రెడ్‌షీటు పెట్టుకున్నాను, 250 గంటలు దాటితే ఎర్రబడుతుంది. నా సగటు వేగానికి అది 4,750 కిలోమీటర్లు. పెదనాన్నకి చూపిస్తే ఆ అంకె చూసి నవ్వి, మెకానిక్కుకి ఫోన్ చేసి "నువ్వు గెలిచావురా" అన్నారు.

కారు నుంచి తీసిన తాండ్ర ఆయిల్ ఆయన డబ్బాకి పట్టించుకుని తీసుకెళ్ళారు. పశువుల పాక గుంజలకి చెదలు పడుతున్నాయట. ఇది భూమికి మంచిది కాదు పెదనాన్నా అంటే, "నీ టర్బోకి మంచిదేమిటిరా మరి?" అని వెళ్ళిపోయారు.