వారం వారం ఒక పాట: ఓల్నీ కీర్తనల చరిత్ర

మంచి క్రైస్తవ పాటను ప్రభువే ఇవ్వాలి, అది తనంతట తానే రావాలి, రచయిత ప్రార్థించి ఎదురుచూస్తే చాలు అన్న నమ్మకం మన సంఘాల్లో బలంగా ఉంది. ఆ నమ్మకంలో భక్తి ఉంది, వినయం ఉంది. కానీ పాటల చరిత్ర చెప్పేది అంతమాత్రమే కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని ఓల్నీ అనే చిన్న ఊళ్లో పుట్టిన కీర్తనలను చూడండి. అక్కడ ముందు ఉన్నది పాట అవసరమైన జనం. వాళ్ల కోసం వారం వారం కలం పట్టినందువల్లే రచయితలో ప్రేరణ ఏళ్ల తరబడి ఆరిపోకుండా నిలిచింది.

ఒకప్పుడు బానిసల ఓడలు నడిపిన జాన్ న్యూటన్ 1764లో ఓల్నీ సంఘానికి కాపరిగా వచ్చాడు. ఊరి జనంలో ఎక్కువమంది లేసు అల్లి పొట్టపోసుకునే పేదలు. నరసాపురం వైపు మనం చూసే లేసు కొక్కెం సూదితో అల్లేది. ఓల్నీ లేసు వేరు. గట్టి దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న చిన్న కండెలను వాటి చుట్టూ అటూ ఇటూ వేస్తూ, గంటల తరబడి వంగి కూర్చుని అల్లాలి. పగలంతా అలా శ్రమపడి, పెద్దగా చదువు లేకుండా సాయంత్రం కూడికకు వచ్చేవాళ్లే న్యూటన్‌కు శ్రోతలు, గాయకులు కూడా. 1767లో కవి విలియం కౌపర్ ఆ ఊరికి వచ్చి స్థిరపడ్డాడు. 1769లో ప్రార్థన కూడికను గ్రేట్ హౌస్ అనే పెద్ద ఇంట్లోకి మార్చినప్పుడు ఇద్దరూ ఆ సందర్భానికే కొత్త పాటలు కట్టారు.

న్యూటన్ పద్ధతి దాపరికం లేనిది. చెప్పబోయే వాక్యభాగాన్ని తీసుకుని, ప్రసంగంలోని ముఖ్య విషయాన్ని పాటగా మలిచేవాడు. 1773 జనవరి 1న ఆయన ప్రసంగానికి ఆధారం మొదటి దినవృత్తాంతముల గ్రంథం 17వ అధ్యాయం. తనను ఇంతవరకు నడిపించిన దేవుని దయను దావీదు తలచుకుని, రాబోయే కాలానికి ఆయన ఇచ్చిన మాటను చూసి ఆశ్చర్యపడే ఘట్టమది. గడిచిన ఏడాదిని నెమరువేసుకుని కొత్త ఏడాదిలో అడుగుపెట్టే రోజుకు సరిగ్గా సరిపోయే వాక్యం. ఆ ప్రసంగం కోసం రాసిందే నేడు ప్రపంచమంతా 'అమేజింగ్ గ్రేస్' అని పిలిచే పాట అని పరిశోధకులు భావిస్తారు. పాట నడక కూడా వాక్యం వెంటే సాగుతుంది: గతం, వర్తమానం, భవిష్యత్తు. ఛందస్సు అప్పటికే జనం నోట నలిగినది, కాబట్టి తెలిసిన ఏ బాణీలోనైనా పాడుకోవచ్చు. ఇప్పుడు మనం వింటున్న బాణీ 1835లో అమెరికాలో విలియం వాకర్ సంపుటిలో ఆ మాటలకు జతపడింది. న్యూటన్ అప్పటికే చనిపోయి ఇరవై ఎనిమిదేళ్లయింది.

ఇలా వారానికొకటి చొప్పున రాస్తే చప్పిడి పాటలే వస్తాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1779లో అచ్చయిన 'ఓల్నీ హిమ్స్'లో 348 కీర్తనలున్నాయి. వాటిలో సుమారు 280 న్యూటన్‌వి. అందులో చాలావాటిని నేడు ఎవరూ పాడడం లేదు. కానీ చిరకాలం నిలిచిన పాట కూడా ఆ పనిలోనుంచే వచ్చింది, దాన్ని రాయడానికి న్యూటన్ వేరే ముహూర్తం చూసుకోలేదు. ఏ పాట నిలుస్తుందో రాసేటప్పుడు రచయితకు తెలియదు. నిలవని పాటలు రాయడానికి జంకేవాడు నిలిచే పాట దాకా చేరలేడు. పైగా ఆ పనికి లోపలి ఊట కూడా ఉంది. 1748 మార్చిలో సముద్రంలో తుఫాను నుంచి బయటపడిన రోజును న్యూటన్ ఏటా ప్రార్థనతో గుర్తుచేసుకునేవాడు. పొందిన కృపను మరవకుండా ఉండడం ఆయనకు సాధన, అలవాటు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ కౌపర్ జీవితమే. అదే ఊరు, అదే సంఘం, అదే స్నేహం. అయినా 1773 జనవరిలోనే ఆయన తీవ్రమైన మానసిక వ్యాధికి లోనయ్యాడు. దేవుడు తనను విడిచిపెట్టాడన్న భావన ఆయనను జీవితాంతం వదలలేదు. తరువాత గొప్ప కవిత్వం రాశాడు గానీ కీర్తనల పని అక్కడితో ఆగిపోయింది. నియమం అందరినీ కాపాడలేదనడానికి ఇది సాక్ష్యం, దీన్ని దాటవేయకూడదు. పాట ఆగిపోయినంత మాత్రాన విశ్వాసం తక్కువైందని ఎవరినీ నిందించకూడదని కూడా ఇది నేర్పుతుంది. న్యూటన్ నిందించలేదు. మిత్రుణ్ణి ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు. ఇద్దరూ కలిసి వేయాలనుకున్న పుస్తకాన్ని చివరకు తానే పూర్తిచేసి, కౌపర్ పాటలకు ఆయన పేరులోని తొలి అక్షరాన్ని గుర్తుగా వేయించాడు. ఒకరి గొంతు ఆగినా సంఘం పాట ఆగకపోవడానికి కారణం ఆ పని ఏ ఒక్కరి సొత్తూ కాకపోవడమే.

తెలుగు సంఘాలకూ ఈ దారి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి మన జనానికి అలవాటైన పల్లవి, చరణాల కీర్తన పద్ధతిలోనే క్రీస్తును పాడాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం పేర్లు నేటికీ కనిపిస్తాయి. పాడేవాళ్లకు తెలిసిన బాణీ నుంచే ఇక్కడా పాట మొదలైంది. దీనివల్ల పరిశుద్ధాత్మ పని తగ్గిపోతుందని భయపడనక్కరలేదు. ఆత్మ పనిచేసేది వాక్యం ద్వారా, సంఘం ద్వారా అని మనమే ఒప్పుకుంటాం కదా. పాట రావడం లేదని బాధపడే రచయిత వచ్చే ఆదివారం ఏ వాక్యం చదువుతారో, దాన్ని పాడబోయేది ఎవరో, వాళ్లు ఏ బరువుతో గుడికి వస్తున్నారో తెలుసుకోవాలి. తెలుసుకుని, ఆ వారానికి చేతనైన పాట రాసి వాళ్లకివ్వాలి. మరుసటి వారం మళ్లీ రాయాలి.