కాలువలో కలిపేది ఎవరు? ఎత్తేది ఎవరు?: మదనపల్లె, పుంగనూరు, కుప్పం

వాననీటి కాలువల కాలుష్యాన్ని మున్సిపాలిటీలు పరిశుభ్రత సమస్యగానే చూస్తాయి. ‘చెత్త వేయరాదు’ అని బోర్డు పెట్టి ఊరుకుంటాయి. ఆ కాలువ పూడిక ఎత్తేది ఎవరని అడిగితే అది కుల సమస్య అని తేలుతుంది. కేంద్ర ప్రభుత్వ ‘నమస్తే’ పథకం కింద 2024 నాటికి నమోదైన సుమారు 38 వేల మంది సీవర్, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 68.9 శాతం మంది ఎస్సీలే. కాలువలోకి మలం రాకుండా ఆపడమంటే, దళితుల చేతులు అందులో పెట్టించే పనిని ఆపడమే.

నీరు ఎటు పోతుంది?

ఈ మూడూ వానలు తక్కువగా పడే మెట్టప్రాంత పట్టణాలు. వీధి పక్క సైడు కాలువ అసలు పని వాననీటిని వంకకో చెరువుకో చేర్చడం. దానికి మధ్యలో శుద్ధి ఉండదు. భూగర్భ డ్రైనేజీ లేని వీధుల్లో వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు పైపు కూడా అందులోకే వస్తాయి. వాన లేని నెలల్లో కాలువలో పారేది ఈ మురుగే.

మదనపల్లె నీళ్లు బాహుదాలోకి, అక్కడి నుంచి చెయ్యేరు మీదుగా పెన్నాకు పోతాయి. కుప్పం వైపు వంకలు పాలారులో కలిసి తమిళనాడుకు వెళ్తాయి. పుంగనూరు, కుప్పం ప్రాంతాల చెరువుల కోసం హంద్రీ-నీవా బ్రాంచి కాలువల ద్వారా కృష్ణా నీళ్లు తెస్తున్నారు. అంత దూరం నుంచి తెచ్చిన నీళ్లలో ఊరి మురుగు కలిస్తే ఎవరికి ప్రయోజనం? చాలా ఊళ్లలో దళితవాడలు పల్లపు వైపునే ఉంటాయి. పై వీధి మురుగు చివరికి చేరేది ఆ వాడ బావులు, బోర్ల దగ్గరికే.

చట్టం ఏం చెబుతోంది?

మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం అదే ఏడాది డిసెంబర్ 6న, అంబేద్కర్ వర్ధంతి రోజున అమల్లోకి వచ్చింది. కుళ్లిపోని మలాన్ని తెరిచిన కాలువలోకి వదిలి, అక్కడ మనిషి చేత్తో ఎత్తాల్సి వస్తే, ఆ మరుగుదొడ్డిని ఈ చట్టం ‘అపారిశుద్ధ్య మరుగుదొడ్డి’ అంటుంది. ఆ కాలువలో మలాన్ని చేత్తో ఎత్తించడం మాన్యువల్ స్కావెంజింగే. నిర్దేశించిన పరికరాలు, రక్షణ సామగ్రితో చేసే పనికి మినహాయింపు ఉంది. కానీ వాటి జాబితా నిబంధనల్లోనే ఉంది. జత గ్లౌజులిచ్చి ఆ మినహాయింపు అడగడం కుదరదు.

అపారిశుద్ధ్య మరుగుదొడ్లను సర్వే చేసి జాబితా ప్రకటించాల్సింది స్థానిక సంస్థే. రక్షణ లేకుండా సీవర్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దించితే మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సీవర్ మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించింది. 2023 అక్టోబర్ 20న 30 లక్షలకు పెంచింది.

2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమూ ఇక్కడ పనికొస్తుంది. ఎస్సీ, ఎస్టీలతో మాన్యువల్ స్కావెంజింగ్ చేయించడం, వారు వాడుకునే నీటి వనరును పాడుచేయడం రెండూ దాని ప్రకారం నేరాలే.

సరిహద్దు అవతలి పాఠం

2014 తీర్పు తెచ్చిన సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ పుట్టింది కుప్పానికి దగ్గర్లోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, తెలుగు దళిత కుటుంబంలో. గనుల టౌన్‌షిప్‌లో పాకీ పని చేసిన కుటుంబం ఆయనది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మలం మనిషి చేతికి రాని ఏర్పాటు చేయడం, ఆ పని వదిలినవారికి పునరావాసం కల్పించడం: ఈ రెండూ ఆ ఉద్యమం మొదటి నుంచీ అడుగుతున్నవే.

ఎక్కడ ఆపాలి?

ఇంటి దగ్గర: సెప్టిక్ ట్యాంకు నీళ్లు కాలువలోకి కాకుండా ఇంకుడు గుంతలోకి పోవాలి. గుంత తాగునీటి బావికి దూరంగా ఉండాలి. రెండు, మూడేళ్లకోసారి ట్యాంకును యంత్రంతోనే ఖాళీ చేయించాలి.

ట్యాంకర్ దగ్గర: తోడిన మలాన్ని వంకలో కుమ్మరిస్తే సమస్య చోటు మారుతుందంతే. దాన్ని శుద్ధి కేంద్రానికి చేర్చాలి. బెంగళూరు దగ్గరి దేవనహళ్లి లాంటి చిన్న పట్టణంలో 2015 నుంచే అలాంటి కేంద్రం ఉంది.

వ్యాపారాల దగ్గర: టమాటా మార్కెట్ వ్యర్థాలు, హోటళ్ల నూనె జిడ్డు, మెకానిక్ షెడ్ల ఆయిల్ కాలువకు చేరకముందే వేరు చేయాలి. ఆ ఖర్చు వ్యాపారిదే.

కాలువ దగ్గర: పూడికను యంత్రంతో తీయాలి. గట్టున కుప్ప పోసి వదిలేస్తే వానకు మళ్లీ కాలువలోకే వస్తుంది. అదే రోజు ఎత్తేయాలి.

అడగాల్సినవి

సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీని ఈ నాలుగూ అడగండి:

1. అపారిశుద్ధ్య మరుగుదొడ్ల సర్వే ఎప్పుడు చేశారు? జాబితా ఏది?
2. కాలువ పనిలో పర్మినెంట్ కార్మికులెందరు, కాంట్రాక్టు వారెందరు? వారిలో ఎస్సీలెందరు?
3. ఎవరికి, ఏ తేదీన, ఏ రక్షణ సామగ్రి ఇచ్చారు?
4. ట్యాంకర్లు మలాన్ని ఎక్కడ దింపుతున్నాయి?

జిల్లా, సబ్‌డివిజన్ స్థాయుల్లో విజిలెన్స్ కమిటీలు ఉండాలని, మూడు నెలలకోసారైనా సమావేశం కావాలని 2013 చట్టమే చెబుతోంది. వాటి మినిట్స్ కూడా అడగండి. కాలువను ఫొటో తీసేటప్పుడు అందులో దిగిన కార్మికుడి ముఖం కాదు, అందులోకి మలం వదులుతున్న పైపును తీయండి. కేసు పెట్టాల్సింది ఆ పైపు మీదే.