చార్మినార్ గాలిలో కలిసిన పాటలు

ఫోన్ నుంచి ఫోన్‌కు పాట పంపే దారుల్లో ముందు కన్నుమూసింది ఇన్‌ఫ్రారెడ్. 1997 నాటి నోకియా 6110లో దాంతో ఇద్దరు పాము ఆట ఆడుకోవచ్చు. పాటలు పట్టే ఫోన్లు వచ్చాక దాని కష్టం తెలిసింది. ఇరానీ హోటల్ బల్ల మీద రెండు ఫోన్లను తలా తలా ఎదురెదురుగా పడుకోబెట్టాలి. మధ్య దూరం మీటరు దాటకూడదు, చాయ్ కప్పు అడ్డం రాకూడదు. సెకనుకు 115 కిలోబిట్ల వేగం. 5 ఎంబీల పాట చేరాలంటే ఆరు నిమిషాలు. ఎవరి మోచెయ్యి తగిలినా మళ్లీ మొదటికే.

2003లో వచ్చిన నోకియా 6600లో పోయే రాజు, వచ్చే రాజు ఒకే కోటలో ఉన్నారు. వచ్చేవాడు బ్లూటూత్. 1994లో స్వీడన్‌లో ఎరిక్సన్ ఇంజినీర్లు మొదలుపెట్టారు. 1998లో ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా వాళ్లతో చేతులు కలిపాయి. ఫోనుకీ హెడ్‌సెట్‌కీ మధ్య వైరు తీసేయాలన్నది వాళ్ల ఆలోచన. పాతబస్తీ దానికి ఇంకో పని అప్పజెప్పింది: పక్కనున్న మనిషికి పాట ఇవ్వడం.

ఆ పని అది ఎంత బాగా చేసింది! జేబులో ఉన్నా చాలు, పది మీటర్ల లోపు చాలు. సెకనుకు 1600 సార్లు చానల్ మారుస్తూ అంత రద్దీలోనూ దారి వెతుక్కునేది. రంజాన్ రాత్రి పత్తర్‌గట్టిలో నిలబడి 'సెర్చ్' నొక్కితే తెలియని వాళ్ల ఫోన్ల పేర్లు వరసగా పైకొచ్చేవి. ఒక్కొక్కరు ఒక్కో బిరుదు పెట్టుకునేవారు. "భాయ్, బ్లూటూత్ ఆన్ కరో" అంటే చాలు, నంబరు ఇవ్వక్కర్లేదు, ఊరు పేరు చెప్పక్కర్లేదు. 2005 నాటి 'ది అంగ్రేజ్' సినిమాను నేను మొదట చూసింది థియేటర్లో కాదు, అలా చేతులు మారి వచ్చిన ముక్కల్లో. చార్మినార్ కుర్రాళ్ల దక్కనీ మాటలు మళ్లీ చార్మినార్ కుర్రాళ్ల జేబుల్లోకే చేరాయి. 2004లో కాబిర్ అనే పురుగు కూడా ఇదే దారిలో ఫోన్ల మీద పడింది. తెలియనిది వస్తే 'ఎస్' కొట్టొద్దని పిల్లలే పెద్దలకు నేర్పారు.

పతనం మెల్లగా మొదలైంది. మెమరీ కార్డులో పాటలు ఎక్కించే దుకాణాలు కొంత పని లాక్కున్నాయి. (పాట కట్టినవాళ్లకు పైసా వెళ్లని వ్యాపారం అది, ఆ మాట దాచకూడదు.) తర్వాత షేరిట్, జెండర్ యాప్‌లు వచ్చాయి. వైఫైతో సినిమా మొత్తం కొన్ని నిమిషాల్లో పంపేసేవి. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. డేటా చవకయ్యాక పక్కవాడికి కూడా వాట్సాప్‌లోనే పంపడం అలవాటైంది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో షేరిట్, జెండర్ రెండూ పోయాయి. వాటి ఖాళీలోకి బ్లూటూత్ తిరిగి రాలేదు. ఒకప్పుడు బ్లూటూత్ చూసిన భోగం ఎన్‌ఎఫ్‌సీకి అసలు దక్కనే లేదు. దాంతో రెండు ఫోన్లను వీపులు ఆనించి పంపుకునే ఆండ్రాయిడ్ బీమ్ 2011లో వచ్చి 2019లో పోయింది. ఎన్‌ఎఫ్‌సీ చేయగలిగిన ఇంకో పని, డబ్బు తీసుకోవడం, లాడ్ బజార్ గాజుల కొట్లలో క్యూఆర్ కోడ్ అందుకుంది.

బ్లూటూత్ వేగం లేక ఓడిపోయిందంటారు. నేను ఒప్పుకోను. తర్వాతి రకాల్లో వేగం పెరిగింది. మనిషి పక్కన నిలబడాల్సిన అవసరం పోయింది, అందుకే ఓడింది. ఇప్పుడు అది ప్రతి చెవిలో ఉంది. తన ఫోన్లోని పాటను తనకే వినిపిస్తుంది.

నా దిగులు ఆ పంపకంలో మాత్రమే బతికిన వాటి గురించి. మొహర్రంలో దారుల్‌షిఫా వైపు ఎవరో ఫోన్లో పట్టిన నోహా శోకగీతాలు, బార్కస్ పెళ్లిలో మోగిన మర్ఫా దరువులు, గరగరమనే ఆ చిన్న ఫైళ్లు. వాటిని పట్టినవాళ్లు ఎక్కడా అప్‌లోడ్ చేయలేదు. చేతి నుంచి చేతికి మారినంత కాలమే అవి ఉన్నాయి. ఫోన్లు పాడయ్యాయి, కార్డులు చెడిపోయాయి. యూట్యూబ్‌లో ఎంత వెతికినా కొత్త మర్ఫాలే దొరుకుతున్నాయి, నేను విన్నవి లేవు.