బాయిలర్ల నుంచి గుర్రప్పిల్ల దాకా

పుట్టి రెండు రోజులైన గుర్రప్పిల్లకి కడుపునొప్పొస్తే ఏం చేస్తుంది? నేల మీద పడి దొర్లుతుంది, వెల్లకిలా పడుకుంటుంది, పాలు మానేస్తుంది. అంతేగానీ ఎక్కడ నొప్పో చెప్పలేదు కదా! పెద్ద గుర్రమైతే డాక్టరు మలద్వారంలోంచి చెయ్యి పెట్టి పేగుల్ని తడిమి చూస్తాడు. 50 కిలోల పిల్లకి ఆ దారీ లేదు.

పుట్టగానే పడాల్సిన మొదటి మలం అడ్డుపడితే చాలాసార్లు ఎనిమాతో సరిపోతుంది. అదే పేగు మెలిపడితే గంటల్లో కొయ్యాలి. అనవసరంగా కోస్తే ఆ పసిప్రాణం తట్టుకోవడం కష్టం, కొయ్యాల్సినప్పుడు ఆగితే దక్కదు. ఇంతకీ ఏది ఏదో తేల్చేదెలా? ఇక్కడే అల్ట్రాసౌండ్ అక్కరకొచ్చింది. కానీ అది ఈ పాక దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కొన్ని స్ఫటికాల్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లాంజెవిన్ అదే సూత్రంతో సముద్రంలో జలాంతర్గాముల్ని వెతికే పరికరం చేశాడు. తర్వాత ఫ్యాక్టరీల్లో లోహం లోపలి పగుళ్లు పట్టడానికీ ఈ ధ్వనే వాడారు. 1955లో గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయన్ డొనాల్డ్, ఆపరేషన్‌లో తీసిన కణితుల్ని కారులో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాయిలర్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు, అక్కడి యంత్రంతో వాటిని చూద్దామని! ఆ తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఆయనకి తోడయ్యాడు. 1958లో మెక్‌వికార్‌తో కలిసి ముగ్గురూ లాన్సెట్ పత్రికలో వ్యాసం వేశారు. నయంకాని క్యాన్సర్ అనుకున్న ఒకావిడకి ఉన్నది అండాశయపు నీటితిత్తి అని ఈ యంత్రమే చూపించింది, దాన్ని తీసేశారు.

అయితే అప్పటి బొమ్మలు కదలనివి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, ప్రోగ్రాం ఆగిపోయాక మెమరీని ప్రింటు తీసి చూడ్డం లాంటిది. పేగు జబ్బుకి అది చాలదు, ఎందుకంటే పేగు ఆరోగ్యమంతా దాని కదలికలోనే ఉంది. 1965లో సీమెన్స్ వాళ్ల విడోసన్‌తో కదిలే బొమ్మలు మొదలయ్యాయి. 1980లో ఫ్రాన్సులో పామర్, డ్రియాంకూర్ అనే ఇద్దరు ఇలాంటి యంత్రంతో చూడిగుర్రాల్ని పరీక్షించి రాశారు. గుర్రానికి కవలలు పడితే ఈత దక్కడం అరుదు, ఆ నష్టం పెంపకందార్లకి పెద్దది. కాబట్టి యంత్రం గుర్రాలశాలకి చేరిందంటే డబ్బు పుణ్యమూ ఉంది, దాచడమెందుకు!

అలా తల్లి కోసం వచ్చిన యంత్రం పిల్లకీ పనికొచ్చింది. పెద్ద గుర్రం పొట్టలో ధ్వని కొంతదూరమే పోతుంది, పైగా పెద్దపేగులో గాలి దాన్ని వెనక్కి కొట్టేస్తుంది. పాలు తాగే పిల్లకి పొట్ట చిన్నది, చర్మం పల్చన, గాలీ తక్కువ. చెయ్యి పట్టనివ్వని ఆ చిన్నతనమే ఇక్కడ కలిసొచ్చింది. బొచ్చుని స్పిరిట్‌తో తడిపి ప్రోబ్ ఆనిస్తే చాలు. పేగులోకి పేగు దూరితే, అడ్డంగా కోసిన ఉల్లిపాయలా వలయాలు కనిపిస్తాయి. మూత్రాశయం పగిలితే పొట్టంతా నల్లటి నీరు. ఉబ్బి, గోడలు దళసరెక్కి, కదలకుండా పడున్న చిన్నపేగు మెలిపడిందేమోనని అనుమానించాలి. నీళ్లతో నిండినా కదులుతుంటే చాలాసార్లు విరేచనాల జబ్బే, కత్తి అక్కర్లేదు. 1998లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వర్జీనియా రీఫ్ గుర్రాల అల్ట్రాసౌండ్ మీద పెద్ద పుస్తకమే వేశారు.

అలాగని తెర మీద బొమ్మే తీర్పు కాదు. గాలి నిండిన పేగు వెనక ఏముందో అది చూపించలేదు. విరేచనాల జబ్బులోనూ ఒక్కోసారి పేగు కదలడం మానేస్తుంది. నొప్పి ఎంతుంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ఇవన్నీ కలిపి డాక్టరే తేల్చుకోవాలి.

నాకు నచ్చిందేంటంటే, ఈ కథలో ఎవరూ ఇది మా శాఖ కాదు అనుకోలేదు. డొనాల్డ్ బాయిలర్ల ఫ్యాక్టరీ గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడలేదు, బ్రౌన్ ఆసుపత్రికి రావడానికి జంకలేదు. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లని ఒక మాట అడగడానికే మొహమాటపడే మనం వీళ్లని కాస్త గుర్తుంచుకోవాలి. మీరేమంటారు?