పేరులేని కుట్టు

అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పోరాడిన దక్షిణాది సైన్యంలో మామూలు సిపాయి తొడుక్కున్న పొట్టి కోటుని ఇవాళ అచ్చం అలాగే కుట్టేవాళ్లున్నారు. నూలు పడుగు, ఉన్ని పేక, లోపల ముతక నూలుగుడ్డ. మ్యూజియం కోట్ల బొత్తాలూ కుట్లూ లెక్కపెట్టి మరీ కుడతారు. 1989లో లెస్లీ జెన్సన్ అనే పరిశోధకుడు వాటిని తయారైన డిపోలని బట్టి వర్గీకరించాడు.

ఆ వివరాలు చదువుతుంటే నా చూపు చేతికుట్టు దగ్గరే ఆగింది. రిచ్‌మండ్ డిపోలో దర్జీలు గుడ్డ కత్తిరించేవాళ్లు. ఆ ముక్కల్ని ఇళ్లకి పట్టుకెళ్లి కుట్టింది ఆడవాళ్లు. కోటుకింతని కూలి. ధరలు మండిపోయి 1863 ఏప్రిల్ 2న అదే నగరంలో ఆడవాళ్లు తిండి కోసం దుకాణాల మీద పడ్డారు. కోటుతో పాటు ఒక్కోసారి సిపాయి పేరు మిగిలింది. కుట్టినామె పేరు డిపో కోటు మీద ఉండదు.

కానీ ఆమె దగ్గరే ఆగిపోతే మన స్త్రీల చరిత్ర సగమే. ఆ నూలుకి పత్తి ఏరిన చేతులు బానిసలవి. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. కుట్టినామెకి అరకొర కూలైనా దక్కింది. పత్తి ఏరినామెకి తన ఒంటి మీదే హక్కు లేదు. పైగా ఆ కోటు ఆమె సంకెళ్లకి కాపలా కాసింది. ఇద్దరి పేర్లూ చెరిగిపోయాయి కదా అని ఇద్దరినీ ఒకే గాటన కట్టెయ్యలేం.