పాతబస్తీ నుంచి దామగుండం దాకా

పాతబస్తీకి మేము ఎక్కువగా పనికోసమే వచ్చాము. గాజులకూ పూసలకూ మా అమ్మలు లాడ్‌బజార్‌కు వచ్చేవారు. సీతాఫలాల గంపలు దించడానికి, కూలి అడ్డాల మీద నిలబడడానికి మా నాయనలు వచ్చేవారు. నయాపూల్ దాటేటప్పుడు కింది మురికినీళ్లు చూసి జనం ముక్కు మూసుకుంటారు. ఆ నీళ్ల పుట్టిల్లు వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలని, ఆ గుట్టల చుట్టూ మా తండాలున్నాయని వాళ్లలో ఎందరికి తెలుసు? ఈ వ్యాసం ఆ గుట్టలకూ ఈ పాతబస్తీకీ ఉన్న సంబంధం గురించి.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఎగువన వందల చెరువులు తెగి, నీళ్లన్నీ ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి. 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం చెప్పుకుంటుంది. ఆ రోజు రాజ్యం కాపాడలేని మనుషులను ఒక చెట్టు కాపాడింది.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. అంతకంటే పెద్ద అత్యవసరం ఇంకేముంటుంది? శవాలు తేలిన నగరం అది. అయినా ఆయన వచ్చీ రాగానే గోడ కట్టమనలేదు. పైన ఎంత వాన పడింది, ఎన్ని చెరువులున్నాయి, ఎన్ని తెగాయి, నీళ్లు ఏ దారిన దిగాయి అని లెక్క తీశారు. ఆ లెక్క తర్వాతే నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని చెప్పారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పాతబస్తీ క్షేమం పాతబస్తీలో లేదు, ఎగువన ఉందని అప్పుడే తేలిపోయింది. 1996లో వచ్చిన జీవో 111 కూడా ఆ తెలివితోనే జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలకు హద్దు పెట్టింది. 2022లో ఆ హద్దులను సడలించారు.

ఇప్పుడు ఎగువకు పోదాం. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. రామలింగేశ్వరస్వామి గుడి ఉన్న అడవి, చుట్టుపక్కల ఊళ్ల పశువులు మేసే అడవి. అక్కడ 1,174 హెక్టార్లు, అంటే సుమారు 2,900 ఎకరాలు, 2024 జనవరిలో నౌకాదళానికి అప్పగించారు. అదే ఏడాది అక్టోబర్ 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. సముద్రమే లేని జిల్లాలో నౌకాదళానికి ఏం పని అని మా ఊళ్లలో చాలామంది అడిగారు.

పని ఉంది. సముద్రం లోపల తిరిగే జలాంతర్గాములకు మామూలు రేడియో అందదు. అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు మాత్రమే నీళ్లలో కొన్ని మీటర్ల లోతుకు దిగుతాయి. వాటిని పంపడానికి ఎత్తైన టవర్లు, విశాలమైన స్థలం కావాలి. 1990 నుంచి తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గర అటువంటి కేంద్రం ఒకటి నడుస్తోంది. దామగుండం రెండవది. యుద్ధం వస్తే దేశం తన నావికులకు కబురు చేయాలి. దాన్ని మేము కాదనడం లేదు.

అయితే ఆ తరంగాలకు ఒక గుణం ఉంది. వాటి మీద జలాంతర్గామి వినగలదు గానీ తిరిగి చెప్పలేదు. కబురు ఒక్క వైపే నడుస్తుంది. దామగుండం ఊళ్లతో మాట్లాడిన తీరు కూడా మాకు అలాగే కనిపించింది.

ఇది ఒక్క దామగుండం కథ కాదు, చట్టాల కథ. పర్యావరణ ప్రభావ అంచనాకు 2006లో వచ్చిన నోటిఫికేషన్, దేశ రక్షణకు సంబంధించిన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. అటవీ హక్కుల చట్టం వచ్చాక, అడవిని వేరే పనికి మళ్లించాలంటే గ్రామసభ ఒప్పుకోవాలని 2009లో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. 2013లో రోడ్లు, పైపులైన్లు, ఆప్టికల్ ఫైబర్, కరెంటు లైన్ల వంటి వాటికి ఆ ఒప్పుదల నుంచి చాలావరకు మినహాయింపు ఇచ్చారు. 2022 నిబంధనలు వచ్చాక, కేంద్రం అనుమతి ఇచ్చేముందు గ్రామసభ మాట చూడాల్సిన పని లేకుండా పోయింది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్నే సవరించి, భద్రతా కట్టడాలకు 10 హెక్టార్ల వరకు, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో రక్షణ, ప్రజోపయోగ పనులకు 5 హెక్టార్ల వరకు అడవిని చట్టం పరిధి నుంచే తప్పించారు. ఒక్కొక్కటి చూస్తే చిన్న మినహాయింపే. అన్నీ వరసగా పేర్చి చూస్తే, మా నోటి మీద పెట్టిన చేయి కనిపిస్తుంది.

మేము టవర్లకు శత్రువులమని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. సిగ్నల్ కోసం గుట్టలెక్కేది మేమే. పురిటినొప్పులు పడుతున్న ఆడబిడ్డకు 108 పిలవడానికి ఫోన్ కలవక ఏడ్చేది మేమే. 2023 జులైలో ఏటూరునాగారం మండలం కొండాయిని జంపన్నవాగు ముంచినప్పుడు ఎనిమిది మంది పోయారు. సకాలంలో అందే హెచ్చరిక విలువ మాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. బడి, దవాఖానా, అంగన్‌వాడీ, తాగునీరు వంటి పదమూడు పనుల జాబితాలో కరెంటు, టెలిఫోన్ లైన్లు కూడా ఉన్నాయి. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లు మించకుండా అడవి ఇవ్వవచ్చు. పెద్ద అనుమతుల కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. షరతు ఒక్కటే, గ్రామసభ సిఫారసు చేయాలి. అంటే త్వరగా పని జరగడానికీ ఊరిని అడగడానికీ పేచీ లేదు. రెండూ కలిసి నడుస్తాయని పార్లమెంటే ఒప్పుకుంది.

అడగకపోతే ఏమవుతుందో హైదరాబాద్ రాజ్యం ఒకసారి చూసింది. అడవి మీద, పోడు మీద ఆంక్షలు పెట్టినప్పుడు గోండులను ఎవరూ అడగలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్, ఆయన తోటివాళ్లు తుపాకీ గుండ్లకు నేలకొరిగారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపి ఆదివాసుల కష్టమేమిటో తెలుసుకుంది. ఆ తర్వాతే పట్టాలు, మార్లవాయిలో బడి వచ్చాయి. విన్నది మంచిదే. కాని ముందు వినవలసింది ప్రాణాలు పోయాక విన్నారు.

రక్షణ రహస్యాలన్నీ బహిరంగసభలో చెప్పలేరు, నిజమే. ఏ తరంగం ఎక్కడికి పోతుందో మాకు చెప్పనక్కర్లేదు. ఏ చెట్టు పోతుంది, ఏ వాగు దారి మారుతుంది, పశువులు ఎటు పోవాలి, గుడికి దారి ఏది, ఇవి రహస్యాలు కావు. కొట్టేసే చెట్ల లెక్కలో ప్రభుత్వానికీ ఉద్యమకారులకూ లక్షల తేడా వచ్చింది. ఊరి ముందు కూర్చుని లెక్క చెప్పి ఉంటే అంత తేడా రాదు. అత్యవసరమైతే ఆరు నెలల పనిని ఆరు వారాల్లో చేయండి. చేయనే వద్దనుకోవడం అత్యవసరం కాదు.

2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ మళ్లీ పొంగింది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చాయి, నది ఒడ్డు బస్తీల జనం మూటలు కట్టుకుని బయటపడ్డారు. మా తండాలకు పోయే బస్సులు కదిలేది ఆ స్టేషన్ నుంచే. ఎగువన అడవి నీటిని ఎంత పట్టి ఉంచితే, దిగువన అంత నిదానంగా దిగుతుంది. దామగుండంలో మమ్మల్ని అడగకుండా వేసే ప్రతి గొడ్డలి దెబ్బకూ పాతబస్తీ కూడా జవాబు అడగాలి. ఆ నది ఒడ్డున ఒక చివర మేమున్నాము, ఇంకో చివర మీరున్నారు.